ఎస్తేరక్క చూపించిన మలుపులు

మొన్న ఆదివారం పొద్దున మంథని దాటాక, అడవి మొదలయ్యే చోట కారు ఓ పక్కకు తీసి ఇంజన్ ఆపాను. బానెట్ కింద వేడెక్కిన ఇనుము చల్లారుతూ టిక్, టిక్ అని చప్పుడు చేయసాగింది. కాలిన దుమ్ము వాసన, బ్రేకుల వాసన, అప్పుడే వెలిసిన వానకు తడిసిన టేకాకుల వాసన కలిసి కిటికీలోంచి లోపలికి వచ్చాయి. నా అరచేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. వెనక ఏడెనిమిది మైళ్ల దారిలో ఒక్క మనిషి గానీ, ఒక్క బండి గానీ ఎదురు రాలేదు. మలుపులన్నీ ఒకదాని వెంట ఒకటి అనుకున్నట్టే కుదిరాయి. నలభై దాటిన మనిషిని, ఒంటరిగా కూర్చుని చిన్నపిల్లలా నవ్వుకుంటున్నాను. ఆ చప్పుడు విన్నప్పుడల్లా, ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు ఎస్తేరక్క గుర్తుకొస్తుంది. ఆమెను చూడనివాళ్లకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు సంగతి. పరీక్ష రాసి బొగ్గు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నాను. గోదావరిఖనిలో ట్రాన్స్‌పోర్టు సెక్షన్‌లో వేశారు. జీపులు, అంబులెన్సులు, నీళ్ల ట్యాంకర్లు ఏ రోజు ఎక్కడికి పోయాయి, ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి అన్నది రాసుకోవడం మా పని. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినా నాకు రోడ్డంటే వణుకు. పగలూ రాత్రీ బొగ్గు టిప్పర్లు తిరిగే ఊరు మాది. పక్క నుంచి ఒకటి పోతే భూమి అదిరేది, చీర కొంగు ఎగిరి మొహానికి తగిలేది. ఇంటి నుంచి ఆఫీసు దాకా రోడ్డు పక్క మురుగు మోరీ అంచు పట్టుకుని నడిచేదాన్ని. గొంతు కూడా అంతే. నేను మాట్లాడితే ఎదుటివాళ్లు "ఏందీ?" అని రెండోసారి అడగాల్సిందే.

మా సెక్షన్‌కు పెద్ద గుమాస్తా ఎస్తేరు మేడం. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. చీర కింద కాన్వాసు బూట్లు! మొదటి రోజే నా కళ్లు ఆ బూట్ల మీద ఆగిపోయాయి. ఆమె అది గమనించింది. కాగితం మీంచి తలెత్తకుండానే అడిగింది.

"బండి నడుపుడు వస్తదా?"

"రాదు మేడం."

"ఏందీ?"

"రాదు మేడం," అన్నాను కొంచెం గట్టిగా.

"ట్రాన్స్‌పోర్టుల కూసుంటివి, బండి రాదంటవ్. ఇగ రోజంత కిలోమీటర్లు రాస్తవ్, కిలోమీటరంటే ఏందో ఎరుకలేకుంటనే రాస్తవా?" అని నవ్వింది. ఎగతాళి కాదది. ఏదో మంచి సంగతి తనకు తెలిసి, నాకింకా తెలియనందుకు జాలిపడుతున్న నవ్వు.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం, చర్చి అయిపోయాక, మా క్వార్టర్ ముందు ఒక చిన్న తెల్ల కారు వచ్చి ఆగింది. పాత కారే గానీ అద్దాలు తళతళలాడుతున్నాయి. ఎస్తేరు మేడం కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కు. మంథని దిక్కు పోయి ఛాయ్ తాగొద్దాం," అంది. పై అధికారి పిలిస్తే కాదనడం ఎలాగో తెలియక ఎక్కాను. టిప్పర్ల మధ్య ఆమె ఎంత నెమ్మదిగా నడిపిందంటే, నా భయం కూడా తగ్గింది. కమాన్‌పూర్ దాటింది, మంథని దాటింది. ఊళ్లల్లో కారు దాదాపు మనిషి నడకతో సమానంగా నడిచింది. కోడిపిల్లలు దాటేదాకా ఆగింది. "ఇంత మెల్లగా నడిపేదానికి బూట్లెందుకో" అనుకున్నాను.

అడవి దారి వచ్చింది. నక్సలైట్ల భయంతో మనుషులు అటు పోవాలంటే సంకోచించే రోజులవి కాబట్టి దారంతా ఖాళీ. ఆమె ఇంకా నెమ్మదిగా, గుంతలు చూసుకుంటూ, ఎక్కడెక్కడ మోరీలున్నాయో, ఎక్కడ పశువుల బాట రోడ్డును దాటుతుందో చూసుకుంటూ ఆ కొస దాకా పోయింది. అక్కడ బండి తిప్పింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, కొంగు భుజం దగ్గర మరో పిన్నీసుతో బిగించింది.

"పోయేటప్పుడు సూసుడు. వచ్చేటప్పుడు నడుపుడు. గట్టిగ కూసో," అంది.

తరువాత జరిగింది ఎలా చెప్పాలి? ఇంజన్ గొంతు మారింది. చెట్లు వెనక్కి ఉరకడం మొదలుపెట్టాయి. ఎదురుగా రోడ్డు కుడికి వంగి మాయమైపోతోంది, మేమేమో నేరుగా దాని మీదికి పోతున్నాం. అరిచానో లేదో గుర్తులేదు. మలుపుకు చాలా ముందే ఆమె బ్రేకు నొక్కింది, గేరు కిందికి మార్చింది, స్టీరింగు ఒకే ఒక్కసారి, గిన్నెలో పిండి తిప్పినంత నింపాదిగా తిప్పింది. నా ఒళ్లంతా ఎడమవైపు ఒరిగింది. రోడ్డు కళ్లముందు తెరుచుకోగానే కాలు నొక్కింది. కారు మమ్మల్ని వీపు మీద చెయ్యివేసి తోసినట్టు ముందుకు దూకింది. మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి, ఒక చిన్న దిబ్బ ఎక్కి దిగేసరికి కడుపులో ఏదో తేలిపోయినట్టయింది. ముల్లు చూస్తే డెబ్భై దగ్గర ఉంది. అంతే. హైవే మీద బస్సులు కూడా పోయే వేగం. అయినా అంతకు ముందెప్పుడూ నేను కదలలేదేమో, ఆ రోజే మొదటిసారి కదిలానేమో అనిపించింది. అడవి చివర బండి ఆపి ఆమె నావైపు చూసింది. ఏడుస్తాననుకుందేమో.

"ఇంకోసారి పోదామా మేడం?" అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది.

ఆమె స్టీరింగు మీద కొట్టి కొట్టి నవ్వింది. "మేడం ఆఫీసుల. బండిల అక్క అను," అంది.

ఆ రోజు ఒక కల్వర్టు మీద కూర్చుని ఫ్లాస్కులో ఛాయ్ తాగుతూ ఆమె తన కథ చెప్పింది. భర్త యోహాను మా సెక్షన్‌లోనే అంబులెన్సు డ్రైవరట. కామెర్లు వచ్చి పోయాడు. ఆయన స్థానంలో ఆమెకు చిన్న ఉద్యోగం వచ్చింది. గ్యారేజీలో ఊడ్చేది, డ్రైవర్లకు మంచినీళ్లు అందించేది. చదువుకున్న మనిషి గనుక తరువాత పరీక్షలు రాసి గుమాస్తా అయింది.

"ఆయన పొద్దంత బండి నడిపి వచ్చేటోడు. వచ్చి నవ్వుకుంట అన్నం తినేటోడు. గింత అలిసిపోయి ఎట్ల నవ్వుతడు, ఏముంటదబ్బా గా పనిల, అనుకునేదాన్ని. ఆయన పోయినంక అడుగుదామంటే మనిషి లేడాయె. గ్యారేజీల సత్తార్ భాయ్ అని ముసలి మెకానిక్ ఉండె. 'భాయ్, నాకు నేర్పు' అన్న. అందరు నవ్విన్రు గని ఆయన నవ్వలే. మూసేసిన గని కాడ ఉత్త రోడ్డు ఒకటి ఉండె. గాడ నేర్పిండు. సీట్ల కూసున్న మూడో దినమే సమజైంది, మా ఆయన ఎందుకు నవ్వేటోడో."

ఆ తరువాత ఆమె నాకు నేర్పడం మొదలుపెట్టింది. వారాల తరబడి క్లచ్ దగ్గరే తంటాలు పడ్డాను. బండి కుదుపులతో ఆగిపోతే చేతులు బిగుసుకుపోయేవి. ఆమె నా వేళ్లను ఒక్కొక్కటే స్టీరింగు మీంచి విడదీసేది. "భయం కండ్లల్ల పెట్టుకో సరితా, చేతులల్లకు రానియ్యకు. కండ్లల్ల ఉన్న భయం మంచిగ పనిచేస్తది," అనేది. "నువ్వు ఏడ సూస్తవో బండి గాడికే పోతది. గుంతను సూసినవో గుంతల పడతవ్. దారి ఏడ తెరుసుకుంటదో గాడ సూడు."

అన్నిటికన్నా వింతగా తోచింది ఇంకో పద్ధతి. కనిపించినదల్లా పైకి చెప్పమనేది. "ముందట మోరీ. కుడి దిక్కు మేకలు. మలుపు అవతల కనవడ్తలేదు" అని నేను గొణిగితే, "ఎవరితోని సెప్తున్నవ్, నీ కొంగుతోనా? ఇంజన్‌కు ఇనవడాలె!" అని కసిరేది. ఆదివారాలు గడిచేకొద్దీ నా గొంతు ఇంజన్‌ను దాటి పైకి వచ్చింది. ఆఫీసులో కూడా నన్ను రెండోసారి అడగడం మానేశారు. ఏ నెలలో మానేశారో నేను గమనించనే లేదు.

ఆమెకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఊరు కనిపిస్తే పరుగు ఆపాలి. దారి ఒకసారి చూడకుండా వేగం పోకూడదు. వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోసే రోజుల్లో అసలు ఆ దిక్కే పోకూడదు. "వాళ్ల తిండి మీద మన సంబురమేంది?" అనేది. పంటలు ఇళ్లకు చేరేదాకా బండి ఆమె క్వార్టర్ ముందు ముసుగు కప్పుకుని ఉండేది. ఆ ముసుగు తీసిన మొదటి ఆదివారం మాకు పండగ.

మా నాన్న ఈ వ్యవహారమంతా మొదట్లో ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు భూమి లోపల బొగ్గు పనిచేసి, ఊపిరి చెడి, ఇంటికి వచ్చిన మనిషి. "ఆడపిల్లకు గంత స్పీడెందుకు ఎస్తేరమ్మా? ఏమన్నయితే?" అని నిలదీశాడు. ఆమె వాదించలేదు. "నువ్వు రా అన్నా. ఒక్కసారి కూసో. వద్దంటే రేపటి సంది బంద్," అంది. నాన్న దగ్గుకుంటూ ముందు సీటులో కూర్చున్నాడు, నేను వెనక కూర్చున్నాను. అడవి దారిలో తిరుగు ప్రయాణం మొదలైంది. నేను మలుపులు చూడలేదు, నాన్న వెనకతల మీద తెల్ల వెంట్రుకలు గాలికి నిక్కబొడుచుకోవడమే చూస్తూ ఉన్నాను. నాన్న కిటికీ అద్దం మొత్తం దించేశాడు. మొహం బయటికి పెట్టాడు. ఏదో అన్నాడు గానీ గాలికి వినిపించలేదు. బండి ఆగాక చూస్తే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మనిషి నవ్వుతున్నాడు.

"గనిల పంకా గాలి ఉంటుండె బిడ్డా. ఉంటుండె అంటే, ఉన్నట్టే అనుకునేటోళ్లం," అన్నాడు నాతో. తరువాత ఆమెవైపు తిరిగి, "ఎస్తేరమ్మా, గా దిబ్బ కాడ జర తగ్గిచ్చినవ్. ఎందుకు తగ్గిచ్చినవ్?" అని అడిగాడు. ఇంకా మూడేళ్లు బతికాడు నాన్న. ఆ మూడేళ్లూ ఆదివారం పొద్దున్నే తలకు మఫ్లరు కట్టుకుని అరుగు మీద సిద్ధంగా కూర్చునేవాడు.

నాన్న పోయిన మరుసటి ఏడు తెలంగాణ కోసం ఊరూరా సమ్మె జరిగింది. గనులు ఆగాయి. టిప్పర్లు వరుసగా రోడ్డు పక్కన నిలబడిపోయాయి. అంత నిశ్శబ్దం గోదావరిఖని ఎరగదు. పగలంతా ధర్నా శిబిరంలో కూర్చునేవాళ్లం. శిబిరం లేని ఒక పూట ఎస్తేరక్కా నేనూ బండి తీశాం. వానలు వెనకపట్టిన రోజులు, రోడ్డు పక్కన గునుగుపూలు. ఎప్పటిలాగే దారి చూసుకుంటూ పోయాం, తిరిగి వస్తున్నాం. ఎడమకు తిరిగే మలుపు. ఎడమ పక్క పొలాల బాటలోంచి ఒక ముసలాయన గడ్డిమోపుతో సైకిలు మీద రోడ్డెక్కుతున్నాడు. నాకు స్పష్టంగా కనిపిస్తున్నాడు. ఆమె కాలు తీయడం లేదు.

"అక్కా! ఎడమ దిక్కు! మనిషి!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడి స్టీరింగు కుడికి లాగింది, బ్రేకు తొక్కింది. కారు జారి, రెండు చక్రాలు బురదలో దిగబడి ఆగింది. ముసలాయన సైకిలు వదిలేసి పక్కకు దూకాడు. గడ్డి రోడ్డంతా పరుచుకుంది. ఆయనకేమీ కాలేదు. ఇద్దరం దిగి గడ్డి ఏరి మోపు కట్టిచ్చాం. ఎస్తేరక్క ఆయన రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయింది. "జర పైలంగ పోవాలె బిడ్డా," అని ఆయనే ఆమెను ఓదార్చి వెళ్లిపోయాడు.

"ఆయన నీకు కనవడలేదా అక్కా?" అని అడిగాను.

బురదైన చేతులు కొంగుకు తుడుచుకుంది. తరువాత చెప్పింది. ఎడమ కంట్లో నీటికాసులు, డాక్టర్లు గ్లకోమా అనే జబ్బు. ఎనిమిది నెలలుగా ఆ పక్క మసకమసకగా ఉంటోంది. పోయిన చూపు మళ్లీ రాదని, ఉన్నది నిలబెట్టుకోవాలని కంటి డాక్టరు చెప్పాడట. ఎవరికీ చెప్పలేదు. తల కొంచెం ఎడమకు తిప్పి చూస్తే సరిపోతుందనుకుందట.

ఎదురుగా ఉన్నది నా పై అధికారి, నాకు చక్రం పట్టడం నేర్పిన మనిషి. అయినా అన్నాను. "ఇయ్యాల్టి సంది నువ్వు నడుపొద్దు అక్కా."

"నాకు సెప్పేటంత దానివైనవా?" అంది. ఆ కోపం నేను అంతకు ముందు చూడలేదు. "నా బండి. నా కన్ను. నాకెరుక లేదా?"

"ఆ ముసలాయన పానం నీది కాదు గదా అక్కా," అన్నాను.

ఆమె రోడ్డు మీద కొంత దూరం నడిచి వెళ్లిపోయింది. వీపు నావైపు పెట్టి నిలబడింది. నేను పిలవలేదు. చివరికి తిరిగి వచ్చి, ఎడమ తలుపు తెరిచి, పక్క సీటులో కూర్చుంది. నేను చక్రాలు బురదలోంచి తీసి ఊరిదాకా నడిపాను. ఆమె తన క్వార్టర్ ముందు దిగి, తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఎనిమిది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. శిబిరంలో కూడా దూరంగా కూర్చుంది. ఆ ఎనిమిది రోజులూ నాకు అన్నం సహించలేదు. చెప్పింది తప్పనిపించలేదు, చెప్పినందుకు ఆమెను పోగొట్టుకున్నానేమోనని దిగులు. తొమ్మిదో రోజు పొద్దున తలుపు తడితే తీశాను. ఎస్తేరక్క. కాన్వాసు బూట్లు వేసుకుని ఉంది. తాళంచెవి చేతికిచ్చింది.

"బండి ఉత్తగ ఉంటే బ్యాటరీ దిగుతది. నడుపు," అంది.

నెమ్మదిగా పోయి దారి చూశాం, బండి తిప్పాను. నేను చీర కుచ్చెళ్లు దోపుకుంటుంటే ఆమె సీటులో నిటారుగా కూర్చుంది, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది, కళ్లు మూసుకుంది.

"కండ్లెందుకు మూసినవ్ అక్కా?"

"ఈ దారి నాకు సూడాల్నా? తియ్యి బండి. నేను సెప్త, నువ్వు నీ కండ్లతోని ఒప్పుకున్నంకనే తొక్కు."

తీశాను. రెండో గేరు, మూడు. "ముందట కుడికి, పెద్దది. బ్రేకు ఇప్పుడే... ఇడువు. తిప్పు." తిప్పాను. రోడ్డు తెరుచుకుంది. "ఖాళీ!" అని అరిచాను. "తొక్కు మరి!" అని ఆమె అరిచింది. కారు దూకింది. "ఎడమకు చిన్నది, దాని ఎంబడే ఇంకోటి, ఆగకు, ఆగకు..." ఆమె మాటకూ నా చేతికీ మధ్య సందు లేకుండా పోయింది. మలుపు ఆమె నోట్లో మొదలై నా చేతుల్లో తిరుగుతోంది. "పశువుల బాట, తగ్గించు." తగ్గించాను. "ఏం లేవు!" "అయితె పో!" దిబ్బ వచ్చింది. "మీ నాయిన దిబ్బ! తగ్గియ్యకు!" తగ్గించలేదు. కడుపు తేలిపోయింది. ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. అన్ని మలుపులూ అయ్యేసరికి నా చెంపల మీద నీళ్లున్నాయి, ఎప్పుడు వచ్చాయో తెలియదు. బండి ఆపాను. ఇద్దరికీ ఆయాసం, పరుగెత్తుకుంటూ వచ్చినట్టు.

ఆమె కళ్లు తెరిచి, తల పూర్తిగా తిప్పి, కిటికీలోంచి పైకి చూసింది. టేకుచెట్ల నెత్తిన తెల్లటి పూత, కొమ్మకొమ్మకూ నురుగులా ఉంది.

"ఇవి టేకు పూలా?" అంది.

"అవునక్కా. ఏటా పూస్తయ్."

"పదేండ్ల సంది తిరుగుతున్న గీ దారిల. రోడ్డు తప్ప ఏం సూడలే," అని, సీటుకు వెనక్కి ఆనుకుని, "ఈ సీటు గూడ మంచిగనే ఉన్నది," అంది.

ఆ తరువాత ఆమె మళ్లీ చక్రం పట్టలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. రిటైరయ్యాక బండి కాగితాలు నా పేరున మార్చి ఇచ్చింది. రాష్ట్రం వచ్చాక కూడా ఏళ్లపాటు ప్రతి ఆదివారం ఎడమ సీటులో కూర్చుని మలుపులు చెప్పింది. రెండో కన్ను కూడా మసకబారాక మరింత బాగా చెప్పింది. ఇంజన్ చప్పుడు విని ఏ మలుపు దగ్గరున్నామో పసిగట్టేది. చివరి రోజుల్లో దవాఖానలో మంచం మీద ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, "దారి ఎట్లున్నది?" అని అడిగింది. "ఖాళీగ ఉన్నదక్కా," అన్నాను. ఆమె వేళ్లు నా అరచేతిని ఒకసారి గట్టిగా నొక్కాయి.

ఆ బండి ఎప్పుడో తుక్కుకు పోయింది. ఇప్పుడున్నది వేరే కారు. మా సెక్షన్‌లో ఇప్పుడు ఆమె కూర్చున్న కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఎవరైనా తప్పు చేస్తుంటే, వాళ్లు నాకన్నా ఎంత పెద్దవాళ్లయినా, నాకు ఎంత కావలసినవాళ్లయినా, చెప్పగలుగుతున్నాను. నాకు కూడా ఒకరోజు ఎవరో వచ్చి ఇక చాలు అంటారు. అప్పుడు ఆమెలాగే కాసేపు కోపం తెచ్చుకుంటాను, ఎనిమిది రోజులు అలుగుతాను, తొమ్మిదో రోజు తాళంచెవి ఇచ్చేస్తాను. ఆ రోజు వచ్చేదాకా మాత్రం ఆదివారాలు నావి. దారి మొత్తం ఒకసారి చూసుకుంటాను, బండి తిప్పుతాను, మలుపు తెరుచుకోగానే "ఖాళీ!" అని పైకి అరుస్తాను. పక్క సీటులో ఎవరూ ఉండరు. అయినా "తొక్కు మరి!" అన్న మాట వినిపించాకే నా కాలు కదులుతుంది.